వెనక చక్రాల బ్రేకు

రెండేళ్ళ కిందట నేను ఒక యువకుడికి ఒక సలహా ఇచ్చాను. నాలుగు వారాల తర్వాత ఆ సలహా వల్ల అతని తండ్రి చనిపోయాడు. ఆ మాట అన్నవాణ్ణి నేను, విన్నవాడు యోస్ట్. రెండేళ్ళపాటు మూడో మనిషికి తెలియదు. పోలీసులు అడిగినప్పుడు యోస్ట్ ఆ మాట చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అతను ఎందుకు చెప్పలేదో నాకు అప్పుడు తెలియదు. నేను ఎందుకు చెప్పలేదో తెలుసు.

మా లోయకు పైన, అడవిని చుట్టి ఇరవై కిలోమీటర్ల పాత పందెపు బాట ఉంది. పందేలు లేని రోజుల్లో రుసుము కట్టిన ఎవరైనా తమ సొంత కారులో ఒక చుట్టు తిరిగి రావచ్చు. మేము దాన్ని రింగ్ అంటాం. నా షెడ్డు దానికి దిగువన ఉంది. ముప్ఫై ఏళ్ళుగా నేను చేసే పని, పైకి వెళ్ళే బండ్లకు బ్రేకులు బిగించడం.

నవంబరు మొదటి శనివారం పొగమంచు దిగి రింగ్‌ను ఉదయమే మూసేశారు. చప్పుడు లేని శనివారం ఈ లోయలో చాలా పెద్దదిగా ఉంటుంది. షెడ్డు ముందు ఆవరణలో ఐదు బండ్లు ఉన్నాయి. మంచులో వాటి ముందు భాగాలు మాత్రమే కనిపిస్తున్నాయి. నేను ఒక్కొక్కదాని దగ్గరకు వెళ్ళి, వంగి, అద్దంలోంచి లోపలికి చూశాను. హ్యాండ్‌బ్రేక్ మీట పైకి లేచి ఉందా లేదా అని. రెండేళ్ళుగా నాకు ఇదొక అలవాటు. బేకరీ ముందు గానీ, చర్చి పక్క వాలులో గానీ, ఊళ్ళో ఆగి ఉన్న ఏ బండినీ ఊరికే దాటిపోలేను. బేకరీలో పనిచేసే ఆవిడ ఒకసారి అందరి ముందూ అడిగింది.

"ఏంటి హింట్సెన్ గారూ, బండ్లలోకి తొంగి చూస్తున్నారు? షెడ్డు సరిగా నడవట్లేదా, కొత్త వ్యాపారం పెట్టారా?"

అందరితో పాటు నేనూ నవ్వాను.

ఆగి ఉన్నదాన్ని తదేకంగా చూస్తూ ఉంటే కాసేపటికి అది కదులుతున్నట్టు ఉంటుంది. ఒక వెంట్రుకవాసి. కళ్ళు మోసం చేస్తున్నాయని బుద్ధికి తెలుసు. అయినా అరచెయ్యి బానెట్ మీద ఆనించి, ఇనుము చల్లదనం చేతికి ఎక్కేదాకా నిలబడితే గాని అక్కణ్ణుంచి కదలలేను.

ఆ ఉదయం అలా ఒక చెయ్యి బానెట్ మీద ఉంచి నిలబడి ఉండగా, ఒక వ్యాను ట్రైలర్‌ను లాక్కుంటూ ఆవరణలోకి వచ్చింది. ట్రైలర్ మీద రెండు తలుపుల నీలం రంగు కూపే ఉంది. నేను దాన్ని మంచులోనే గుర్తుపట్టాను, యోస్ట్ బండి. ముందు చక్రాల చువ్వల మధ్య నుంచి చక్రాన్ని పట్టి ఆపే ఎర్రటి పెద్ద కాలిపర్లు కనిపిస్తున్నాయి. అవి నేను బిగించినవే.

వ్యాను దిగిన స్త్రీకి నలభై దాటి ఉంటాయి. యోస్ట్ తండ్రి నుదురే.

"హింట్సెన్ గారేనా? నేను ఆల్ముట్‌ని. ఏవాల్ట్ థైజెన్ కూతుర్ని."

"తెలుసమ్మా. చూశాను మిమ్మల్ని."

ఎక్కడ చూశానో ఆమె అడగలేదు. అంత్యక్రియలకు నేను వెళ్ళాను, చివరి వరుసలో నిలబడి, మట్టి వేయకుండానే వచ్చేశాను.

"బండి అమ్మేస్తున్నామండీ. కొనే ఆయనకి బండి నచ్చింది, ఈ బ్రేకులే వద్దంట. కంపెనీ బ్రేకులు పెట్టించి ఇస్తే తీసుకెళ్తానన్నాడు. పాతవి డిక్కీలోనే ఉన్నాయి. నాన్న పారెయ్యనివ్వలేదు."

"ఎందుకు వద్దంట?"

"దండగంట. నాలుగు వేల యూరోలు పోసి బ్రేకులు మార్చుకునేవాడు, ఆ డబ్బుతో కాస్త నిదానం కొనుక్కుంటే బాగుంటుందన్నాడు ఫోన్లో. అచ్చం మా నాన్నలాగే మాట్లాడాడు." ఆమె నవ్వబోయి ఆగింది. తర్వాత ఆ ఎర్రటి కాలిపర్ల వైపు చూస్తూ అడిగింది. "నిజం చెప్పండి. అంత డబ్బుకి తగ్గవేనా ఇవి?"

ఈ ప్రశ్నకు ముప్ఫై ఏళ్ళుగా నా దగ్గర ఒక జవాబు ఉంది. అదే చెప్పాను. రోడ్డు మీద తిరిగేవాడికి దండగ. ఏ బండికైనా కంపెనీ బ్రేకు చక్రాన్ని పట్టేయగలదు, ఆ తర్వాత బండిని ఆపేది టైరు. చక్రంతో పాటు తిరిగే పెద్ద బ్రేకు డిస్కు కొత్తగా బలమేమీ ఇవ్వదు. ఓర్పు ఇస్తుంది. పైన అడవిలో వాలు దిగుతూ మలుపు మలుపుకీ తొక్కుకుంటూ వస్తుంటే, మామూలు బ్రేకు కాగి కాగి, పెడల్ మెత్తబడి, చివరికి కాలు కింద ఏమీ లేనట్టు అయిపోతుంది. పెద్దది పదోసారి కూడా మొదటిసారిలాగే పడుతుంది. అదైనా, ముందు బ్రేక్ ఆయిల్ మార్చి, డిస్కును నొక్కిపట్టే మంచి ప్యాడ్లు వేసి చూసుకుని, ఇంకా చాలదనుకున్నవాడికే.

"మా తమ్ముడికి చాలలేదా?"

"చాలలేదు. వాడు బాగా నడిపేవాడు. వాడి విషయంలో ఇవి తగినవే."

చెప్పింది నిజమే. ఆ రోజు పోలీసులకు చెప్పింది కూడా నిజమే.

యోస్ట్ తండ్రితో కలిసి నా షెడ్డుకు వచ్చింది ఆగస్టులో. ఏవాల్ట్ ఇళ్ళ కప్పులకు పలకరాళ్ళు పరిచే పని చేసి విరమించిన మనిషి. నలభై ఏళ్ళు వాలు మీద నిలబడ్డవాడు కావడం వల్లనో ఏమో, చదునైన నేల మీద కూడా ఒక కాలు కొంచెం వంచే నిలబడేవాడు. నేను డిస్కులు పెట్టెలోంచి తీస్తుంటే ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"ఏమయ్యా హింట్సెన్, లోకంలో అందరూ బండి పరుగెత్తడానికి డబ్బు తగలేస్తారు. మావాడు ఆగడానికి తగలేస్తున్నాడు. పెళ్ళీ అంతేలే, బయల్దేరకముందే ఆపేశాడు."

"నాన్నా, మేస్త్రీ ముందు మొదలెట్టకు."

"మేస్త్రీకి తెలియాలి కదరా ఎవరికి పని చేస్తున్నాడో. ఇంతకీ ఇది వేస్తే బండి ఎంత తొందరగా ఆగుతుంది?"

"అంతే తొందరగా ఆగుతుందండీ. కాకపోతే ప్రతిసారీ అంతే తొందరగా ఆగుతుంది," అన్నాను.

"నాలుగు వేలు పెట్టి అంతేనా!" ఏవాల్ట్ డిస్కును పెట్టెలో పెట్టేశాడు. "నా పైకప్పు తాడు పాత డబ్బుల్లో నలభై మార్కులు. నలభై ఏళ్ళు పట్టుకుంది నన్ను."

"ఇదీ తాడే నాన్నా. కొంచెం లావు తాడు."

"లావు తాడు కట్టుకున్నవాడు అంచుదాకా పోతాడురా. సన్నతాడువాడు మధ్యలోనే పని చూసుకుంటాడు."

ఆ మాటకు నేను నవ్వాను. రాత్రి పుస్తకం ముందు కూర్చున్నప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. రోడ్డు ప్రమాదాల మీద నేను చదివే పుస్తకాల్లో పేజీలకు పేజీలు తీసుకునే సంగతిని ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు. మనిషికి భద్రత ఇస్తే దాన్ని దాచుకోడు, ఖర్చు పెట్టేస్తాడు. ఎన్నో బండ్ల విషయంలో నేను చూసిన నిజం అది. అయితే ఏవాల్ట్ విషయంలో జరిగింది అది కాదు.

బిగించడం ఒకటిన్నర రోజు పట్టింది. ముందు చక్రాలకు మాత్రమే. బండి బరువంతా ఆగేటప్పుడు ముందుకు వస్తుంది, వెనకవి మార్చే అవసరం అరుదు. తనిఖీ ఇంజనీరు వచ్చి చూసి బండి కాగితాల్లో ఎక్కించాడు. నేను, యోస్ట్ కలిసి పై రోడ్డు మీద ఇరవై సార్లు, ఎనభై వేగం నుంచి ముప్ఫైకి దించుతూ, ఎక్కడా పూర్తిగా ఆపకుండా, కొత్త ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేశాం. తిరిగి వచ్చాక తాళాలు చేతిలో పెడుతూ, ప్రతి ఒక్కరికీ చెప్పేదే అతనికీ చెప్పాను.

"రింగ్ మీంచి దిగాక హ్యాండ్‌బ్రేక్ ముట్టుకోకు. డిస్కు నిప్పులా ఉంటుంది. ప్యాడు ఒకేచోట నొక్కుకుని ఉండిపోతే అచ్చు పడిపోతుంది. ఇక ఎప్పుడు తొక్కినా పెడల్ వణుకుతుంది. ఫస్ట్ గేర్లో వేసి దిగెయ్."

"వాలులో ఉంటే మేస్త్రీ?"

"గేరు పట్టుకుంటుందయ్యా. ముట్టుకోకు, అంతే. అంత ఖరీదైన సరుకు మీద నీ చేత్తో నువ్వే అచ్చు గుద్దుకుంటావా?"

ఏవాల్ట్ అప్పటికే తన వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు. ఉండి ఉంటే అడిగేవాడేమో. వాలు మీద బతికినవాడు కదా.

సెప్టెంబరులో ఒక శనివారం యోస్ట్ పైన ఒక చుట్టు తిరిగి, అడవి పక్కన చూసేవాళ్ళు నిలిచే గడ్డివాలులో, ముందు భాగం ఎగువకు పెట్టి బండి ఆపాడు. ఫస్ట్ గేరు వేశాడు. హ్యాండ్‌బ్రేక్ ముట్టుకోలేదు. తండ్రి పక్క సీట్లోంచి దిగి కాళ్ళు చాపుకున్నాడు. యోస్ట్ ఇద్దరికీ సాసేజీలు తెస్తానని దుకాణం దగ్గరకు వెళ్ళాడు. ఫుట్‌బాల్ ఆటలు మొదలయ్యే వేళ. ఏవాల్ట్ రేడియో పెట్టుకుందామని ఎడమవైపు డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. తాళం తిప్పేముందు బండి ముందుకు దూకకుండా గేరును న్యూట్రల్‌లోకి తీశాడు. జాగ్రత్త తెలిసిన పాతకాలపు డ్రైవర్లందరూ అదే చేస్తారు. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉందనుకున్నాడు. ఆగి ఉన్న బండికి అది వేసి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. చక్రం గడ్డిలో చిన్న పల్లంలో కూర్చుని ఉండడంతో బండి వెంటనే కదల్లేదు. రేడియో గొంతు పెంచి, దిగి, మడత కుర్చీ తీసుకోవడానికి డిక్కీ దగ్గరకు వెళ్ళాడు. కుర్చీ ఇరుక్కుని ఉండాలి, గట్టిగా లాగి ఉంటాడు.

ఆయన వెనక రాతిగోడ ఉంది.

యోస్ట్ రెండు ప్లేట్లతో తిరిగి వచ్చేసరికి రేడియోలో ఎవరో గోలు కొట్టారని అరుస్తున్నారట.

ఇద్దరూ జాగ్రత్తగానే ఉన్నారు. కొడుకు జాగ్రత్త ఒక వైపు నుంచి వచ్చింది, తండ్రి జాగ్రత్త ఇంకో వైపు నుంచి. మధ్యలో బండిని పట్టుకుని ఉండేది ఏదీ మిగల్లేదు.

పోలీసు అధికారి నా షెడ్డుకు వచ్చాడు. బ్రేకులు సరిగ్గా బిగించారా అని అడిగాడు. సరిగ్గానే బిగించానన్నాను. ఇంజనీరు పరీక్షించి అదే రాశాడు. ఇంకేమైనా చెప్పేది ఉందా అని అడిగాడు. లేదన్నాను. యోస్ట్ ఏం చెప్పాడని నేనే అడిగాను. "పాపం, హ్యాండ్‌బ్రేక్ వెయ్యడం మర్చిపోయానన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు," అన్నాడాయన టోపీ పెట్టుకుంటూ. కేసు అలాగే మూసేశారు.

అంత్యక్రియల మరునాడు ఇంకెవరిదో బండి కింద పడుకుని పని చేస్తున్నాను. కళ్ళ ముందు హ్యాండ్‌బ్రేక్ తీగ వెళ్తోంది. మీట దగ్గర మొదలై, బండి పొడవునా పాకి, వెనక చక్రాల దగ్గర రెండుగా చీలింది. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్న తీగే. హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలను. నేను పెద్ద డిస్కులు బిగించింది ముందు చక్రాలకు. పైగా ఆ నీలం కూపేలో వెనక డిస్కును కూడా ఆ తీగ పట్టదు. లోపల దానికంటూ వేరే చిన్న బ్రేకు షూలు ఉంటాయి. రింగ్ మీద వాటికి పనే లేదు. అంటే నేను కాపాడమన్న వస్తువును ఆ మీట తాకనే తాకదు. యోస్ట్ దాన్ని పైకి లాగి ఉంటే ఏ అచ్చూ పడేది కాదు. ఏమీ పాడయ్యేది కాదు. కొన్ని పందెపు బండ్ల విషయంలో ఎప్పుడో పుట్టిన మాట అది. అందరూ అంటారు కాబట్టి నేనూ అన్నాను. ఆ తీగను చేతులతో ఎన్ని వందలసార్లు బిగించానో లెక్క లేదు. నా చేతులకు తెలిసింది నా నోటికి తెలియలేదు.

బండిని ఆపడం వేరు, ఆగినదాన్ని నిలిపి ఉంచడం వేరు. మొదటిదాని మీద నా జీవితమంతా పెట్టాను. రెండోదాన్ని ఒక సన్నటి తీగకు వదిలేసి, ఆ తీగను కూడా ముట్టుకోవద్దని చెప్పాను.

ఎవరితోనూ అనకపోవడానికి కారణం శిక్ష భయం కాదు. నాకు శిక్ష ఏ చట్టంలోనూ లేదు. ఆ మాట పైకి అంటే, నేను అంతవరకు చెప్పిన ప్రతి మాటనూ వెనక్కి వెళ్ళి పరీక్షించుకోవాలి. ఆ భయం. నా మౌనం కింద ఒక యువకుడు నలుగుతున్నాడని తెలిసీ భయపడ్డాను.

"హింట్సెన్ గారూ?" ఆల్ముట్ నన్నే చూస్తోంది.

"యోస్ట్ ఎలా ఉన్నాడమ్మా?"

"బండి ముట్టుకోలేదు అప్పట్నుంచి. పనికి బస్సులో పోతాడు. అమ్మ దగ్గరే ఉంటున్నాడు." ఆమె ట్రైలర్ పట్టీని విప్పబోయి వదిలేసింది. "అమ్మ రోజూ అడుగుతుంది వాణ్ణి. ఎలా మర్చిపోయావురా అని. తిట్టడం కాదండీ, తిడితే బాగుండు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతుంది. 'పద్దెనిమిదో ఏటి నుంచి నడుపుతున్నావు, ఒక్కనాడు మర్చిపోలేదు, ఆ రోజే ఎలా మర్చిపోయావురా' అని. వాడు ప్లేటులోకి చూస్తూ కూర్చుంటాడు. రెండేళ్ళు, రోజూ. బండి ఇంట్లోంచి పోతే అడగడం మానేస్తుందేమోనని అమ్మేస్తున్నాం."

మానేయదని నాకు తెలుసు. ఆమె అడుగుతున్న ప్రశ్నకు జవాబు నా షెడ్డులో ఉంది.

"అతను మర్చిపోలేదమ్మా," అన్నాను.

"ఏంటి?"

"నేను చెప్పాను వెయ్యొద్దని. డిస్కులు వేడిగా ఉంటాయి, హ్యాండ్‌బ్రేక్ ముట్టుకోకు, గేర్లో వదిలెయ్ అని. వాలులో ఉంటే అని అడిగాడు కూడా. ముట్టుకోకు అన్నాను."

ఆల్ముట్ ముఖంలో కోపం రాలేదు. చాలా మెల్లగా, అర్థం కాని భాషలో ఉత్తరం చదువుతున్నట్టు, నా ముఖాన్ని చూసింది.

"ఈ సంగతి మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచి."

"మరి రెండేళ్ళు ఏం చేస్తున్నారు?"

బండ్లలోకి తొంగి చూస్తున్నానని చెప్పలేను.

"నాకు చెప్పి లాభం లేదు," అంది చివరికి. "వాడు వ్యాన్లోనే ఉన్నాడు. నీలం బండిని ట్రైలర్ ఎక్కించడానికి సాయం కావాలని తీసుకొచ్చా. దిగనన్నాడు. వెళ్ళి వాడికి చెప్పండి. నేనిక్కడే ఉంటా."

వ్యాను ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆ ఇరవై అడుగులూ మంచులో నడిచాను. అద్దం సగం దించి ఉంది. యోస్ట్ బాగా చిక్కాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నమస్కారం మేస్త్రీ."

"యోస్ట్, ఆ రోజు నేను నీతో అన్నది..."

"విన్నా. మంచులో మాట దూరం పోతుంది."

"ఇంకోటి ఉంది. అది మీ అక్కకి చెప్పలేదు. నేను మార్చింది ముందు బ్రేకులు. హ్యాండ్‌బ్రేక్ వెనక వాటికి. నువ్వు వేసి ఉంటే..."

"ఏమీ అయ్యేది కాదు." అతను ముందు అద్దంలోంచి బయటికి చూస్తూనే అన్నాడు. "మూడో రోజు తట్టింది నాకు. పడుకుని ఉంటే తట్టింది. నాకూ బండి గురించి ఎంతో కొంత తెలుసు కదా మేస్త్రీ. మీరు చెప్పగానే అక్కడే తట్టాల్సింది. మీరు చెప్పారు కాబట్టి ఆలోచించలేదు."

"పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలి? మేస్త్రీ వద్దన్నాడు, నేను విన్నాను అనా? ముప్ఫై ఒక్క ఏళ్ళొచ్చాయి నాకప్పటికి. నాన్నయితే ఏమనేవాడో తెలుసా? ఒరేయ్, వాడు గడ్డి తినమంటే తింటావా అనేవాడు." చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూడలేక తల దించుకున్నాను. "మర్చిపోయానంటే ఒక్క మాటతో అయిపోతుందనుకున్నా. అవ్వలేదు. అమ్మ రోజూ అడుగుతుంది, ఎలా మర్చిపోయావని. మర్చిపోయినవాడైతే ఏదో ఒకటి చెప్పుకునేవాడు. నేను మర్చిపోలేదే. బండి ఆపాక చెయ్యి అలవాటుగా మీట మీదకి పోయింది. పట్టుకున్నా. మీ మాట గుర్తొచ్చి వదిలేశా. అది చల్లగా ఉంది మేస్త్రీ. ఎంత చల్లగా ఉందో ఇప్పటికీ చెప్పగలను."

మంచులో ఎక్కడో నీళ్ళు చుక్కలు చుక్కలుగా రేకు మీద పడుతున్నాయి.

"మీరొస్తారనుకున్నా," అన్నాడు. "మొదటి నెలంతా రోజూ అనుకున్నా. గేటు చప్పుడైతే మీరేననుకునేవాణ్ణి. తర్వాత అనుకోవడం మానేశా."

నన్ను ఎవరైనా కొట్టి ఉంటే తట్టుకోగలిగేవాణ్ణి.

"మీ అమ్మగారికి నేను చెప్తాను," అన్నాను.

"ఎప్పుడు?"

"నువ్వు ఎప్పుడంటే అప్పుడు."

"మళ్ళీ నా మీదకే తోస్తారా?"

"ఇప్పుడే."

అతను పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఆల్ముట్ వచ్చి ట్రైలర్‌ను వ్యాను నుంచి విడదీసింది. నీలం బండిని, దాని ఎర్రటి కాలిపర్లతో, నా ఆవరణలోనే ఉంచేసి ముగ్గురం ముందు సీట్లో ఒకరి భుజం ఒకరికి తగిలేలా కూర్చుని వెళ్ళాం. లోయ దాటి ఎక్కుతుంటే రోడ్డు పక్క ఇళ్ళు ఒక్కొక్కటే మంచులోంచి పైకి తేలి మళ్ళీ మునుగుతున్నాయి. చాలా ఇళ్ళ కప్పులు ఏవాల్ట్ పరిచినవే అయి ఉండాలి. దారి పొడవునా నేను మాటలు కూర్చుకున్నాను. వేడి గురించి, ప్యాడ్ల అచ్చు గురించి, ఆ నియమం మొదట ఎలాంటి బండ్లకు పుట్టిందన్న దాని గురించి. తలుపు చేరేసరికి నాకు ఒక వివరణ సిద్ధంగా ఉంది.

యోస్ట్ తల్లి హెడ్విగ్ థైజెన్ తలుపు తీసింది. పొట్టి మనిషి, తెల్లని జుట్టు. లోపల్నుంచి శనివారం పప్పు సూపు వాసన వస్తోంది. ముగ్గురినీ చూసి ఆల్ముట్‌ను అడిగింది.

"ఇంత తొందరగా అయిపోయిందా? ఈయనెవరు?"

"బ్రేకులు పెట్టిన ఆయనమ్మా. నీతో మాట్లాడాలంట."

ఆమె నా వైపు తిరిగింది. నేను టోపీ తీశాను.

"అమ్మగారూ, ఆ రోజు యోస్ట్ హ్యాండ్‌బ్రేక్ మర్చిపోలేదు. వెయ్యొద్దని చెప్పింది నేను."

"మీరా?"

"నేనే."

"ఎందుకు చెప్పారు?"

సిద్ధం చేసుకున్నదంతా ఆ ఒక్క మాట ముందు నిలవలేదు. వేడి గురించి చెప్పబోతే అబద్ధం అవుతుంది. అచ్చు గురించి చెప్పినా అంతే.

"మా దగ్గర అందరూ అందరికీ అలాగే చెప్తారండీ. నేనూ చెప్పాను. ఆలోచించలేదు. వేసి ఉంటే ఏమీ పాడయ్యేది కాదు."

"ఏమీనా?"

"ఏమీ."

ఆమె నన్ను వదిలేసి, నా వెనక మెట్టు మీద నిలబడ్డ కొడుకు వైపు చూసింది.

"నువ్వు మర్చిపోలేదురా?"

"లేదమ్మా."

"గుర్తుందా నీకు?"

"చెయ్యి దాని మీద పెట్టానమ్మా. పెట్టి తీసేశా."

"ఏ చెయ్యి?"

యోస్ట్ కుడిచెయ్యి ముందుకు చాపాడు. ఆమె దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, కాలిన చేతిని చూసినట్టు, ఇటూ అటూ తిప్పి చూసింది. "రోజూ అడిగాను కదరా. రోజూ అడిగాను కదా," అంటూ ఆ చెయ్యి వదలకుండానే అతన్ని గడప దాటించింది. వాళ్ళు దాటడానికి నేను గోడకు ఒత్తుకున్నాను. లోపల సూపు పొంగుతున్న చప్పుడైంది. ఆల్ముట్ వెళ్ళి స్టవ్ ఆపింది.

తలుపు తెరిచే ఉంది. నన్ను లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. వెళ్ళిపొమ్మనీ అనలేదు. ఆమె నన్ను అడగాల్సినవి ఇంకా ఉంటాయి. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం బయట నిలబడి ఉన్నాను.